పద్దెనిమిదేళ్ల బెంచ్: సోవియట్ అణుబాంబుల తాళాల కథ



ఈ ఎపిసోడ్ ఒక బెంచ్ గురించి. పార్కులో ఉండే బెంచ్ కాదు, క్లాసులో లాస్ట్ బెంచ్ కూడా కాదు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్లకి ఈపాటికే అర్థమైపోయుంటుంది. పాత ప్రాజెక్ట్ అయిపోయింది, కొత్తది ఇంకా రాలేదు, జీతం మాత్రం పడుతోంది. అదీ బెంచ్. నేను జాబ్ చేసేటప్పుడు రెండు నెలలు బెంచ్ మీద ఉన్నాను. వారానికోసారి హెచ్ఆర్ నుంచి మెయిల్. క్యాంటీన్‌లో ఫ్రెండ్స్ జాలి చూపులు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ, "పని లేకుండా జీతం ఎన్నాళ్లిస్తార్రా?" అని అడిగేది. ఆవిడ భయం ఆవిడది. కంపెనీ లెక్కలో బెంచ్ మీద ఉన్న మనిషి అంటే ఖర్చు, అంతే.

ఇప్పుడు దీనికి పూర్తిగా రివర్స్ కథ చెప్తాను. ఒక యూనివర్సిటీ కావాలనే మనుషుల్ని బెంచ్ మీద కూర్చోబెట్టింది. డబ్బులిచ్చి, టేబులిచ్చి, "అణుబాంబుల గురించి ఆలోచించండి, మాతో వాదించండి, రాయండి" అంది. వెంటనే ఏం లాభం వస్తుందని అడగలేదు. సరిగ్గా పద్దెనిమిదేళ్ల తర్వాత, ఒకే ఒక్క నెలలో, ఆ బెంచ్ అవసరం ప్రపంచానికి తెలిసొచ్చింది.

ముందు ఆ అవసరం ఎలా వచ్చిందో చూద్దాం.

రూట్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర?

1991 ఆగస్టు 18. నల్ల సముద్రం ఒడ్డున, క్రిమియాలోని ఫోరోస్ అనే ఊరు. సోవియట్ యూనియన్ అధ్యక్షుడు గోర్బచేవ్ అక్కడ సెలవుల్లో ఉన్నాడు. సాయంత్రం ఉన్నట్టుండి ఫోన్లు పనిచేయడం మానేశాయి. ఒకటి కాదు, అన్నీ. మాస్కోలో ఆయన సొంత మనుషులే కుట్ర చేసి ఆయన్ని ఇంట్లోనే బంధించారు.

ఇక్కడ ఒక వస్తువు గురించి చెప్పాలి. అణుదాడికి అనుమతి ఇచ్చే బ్రీఫ్‌కేస్. రష్యన్‌లో దాని పేరు చెగెట్. అలాంటివి మూడు ఉండేవి. ఒకటి అధ్యక్షుడి దగ్గర, ఒకటి రక్షణ మంత్రి దగ్గర, ఒకటి సైన్యం జనరల్ స్టాఫ్ అధిపతి దగ్గర. ఫోరోస్‌లో ఉన్న బ్రీఫ్‌కేస్‌కి మాస్కోతో సంబంధం తెగిపోయింది. మరి రక్షణ మంత్రి? ఆ మంత్రి యాజోవ్ కుట్రదారుల్లో ఒకడు.

మూడు రోజుల్లో కుట్ర కుప్పకూలింది. గోర్బచేవ్ మాస్కోకి తిరిగొచ్చాడు. కానీ ఒక ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. మన భాషలో చెప్పాలంటే, ప్రొడక్షన్ సర్వర్ రూట్ పాస్‌వర్డ్ ఆ మూడు రోజులు ఎవరి చేతిలో ఉంది? ఆ సర్వర్‌లో ఉన్నది ఫుడ్ డెలివరీ యాప్ కాదు. పాతిక వేలకు పైగా అణు వార్‌హెడ్లు.

ఇంకో చిక్కు ఏంటంటే, దేశమే ముక్కలైపోతోంది. దూరం వెళ్లే పెద్ద క్షిపణులు రష్యాలో మాత్రమే లేవు. యుక్రెయిన్, కజకిస్తాన్, బెలారుస్‌లలో కూడా ఉన్నాయి. ఒక్క యుక్రెయిన్ నేల మీదే దాదాపు 1,900 వ్యూహాత్మక వార్‌హెడ్లు. అంటే కొత్తగా పుడుతున్న ఆ దేశం తొలిరోజునే ప్రపంచంలో మూడో అతిపెద్ద అణు నిల్వ ఉన్న నేల అవుతుంది. రేపు గార్డులకి జీతం ఎవరిస్తారు? గోడౌన్ తాళాలు ఎవరివి? ఒక శాస్త్రవేత్తకి ఆరు నెలలు జీతం రాకపోతే, ఎవరో వచ్చి డాలర్లు చూపిస్తే ఏమవుతుంది?

ఇలాంటి ప్రశ్నకి ప్రభుత్వాల దగ్గర రెడీమేడ్ జవాబు లేదు. ఎందుకంటే నలభై ఏళ్లుగా అందరూ ప్రాక్టీస్ చేసింది బలమైన శత్రువుతో ఎలా తలపడాలని. శత్రువు కూలిపోతే ఏం చేయాలని కాదు.

కొంచెం ముందే ఆలోచించినవాళ్లు ఒక చోట ఉన్నారు. ఆ చోటు ఎలా పుట్టిందో తెలియాలంటే 1973కి వెళ్లాలి.

డీఎన్ఏ ప్రొఫెసర్ పెట్టిన బెంచ్

పాల్ డోటీ. హార్వర్డ్ యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ ప్రొఫెసర్. వేడి చేస్తే విడిపోయిన డీఎన్ఏ పోగులు మళ్లీ జతకూడతాయని చూపించిన ల్యాబ్ ఈయనదే. మరి ఈయనకి అణుబాంబులతో పనేంటి? కుర్రాడిగా ఉన్నప్పుడు, అమెరికా తొలి అణుబాంబు తయారుచేసిన మన్‌హటన్ ప్రాజెక్టు పనిలో ఈయనకీ కొంత భాగం ఉంది. ఆ తర్వాత జీవితమంతా ఆ బాంబుల్ని ఎలా అదుపులో పెట్టాలన్న ఆలోచన వదల్లేదు. రెండు వైపుల శాస్త్రవేత్తలూ ప్రైవేటుగా కలిసి మాట్లాడుకునే పగ్‌వాష్ సమావేశాలకి వెళ్లేవాడు, సోవియట్ శాస్త్రవేత్తలతో స్నేహం చేశాడు.

ఈయన గమనించిన సమస్య ఇది. అణ్వాయుధాల గురించి లోతుగా తెలిసినవాళ్లు రెండే చోట్ల ఉన్నారు. ఒకటి ప్రభుత్వంలో, రెండు ఆ ప్రభుత్వానికి పనిచేసే సంస్థల్లో. యూనివర్సిటీల్లో ఫిజిక్స్ వాళ్లకి రాజకీయం తెలియదు, పొలిటికల్ సైన్స్ వాళ్లకి ఫిజిక్స్ తెలియదు. పైగా మన్‌హటన్ తరం ముసలిదైపోతోంది. వాళ్ల తర్వాత ఎవరు?

అలా 1973లో, ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో, హార్వర్డ్‌లో సైన్స్, అంతర్జాతీయ వ్యవహారాలు కలిపి ఒక ప్రోగ్రాం మొదలైంది. తర్వాత అది కెనెడీ స్కూల్‌లో ఒక సెంటర్ అయింది. ఇప్పుడు దాన్ని బెల్ఫర్ సెంటర్ అంటున్నారు. దాని గుండెకాయ ఫెలోషిప్.

ఫెలోషిప్ అంటే ఏంటో సింపుల్‌గా చెప్తాను, ఎందుకంటే మనలో చాలామందికి అది స్కాలర్‌షిప్ లాంటిదే అనిపిస్తుంది. స్కాలర్‌షిప్ అంటే ఫీజు కట్టి చదివించడం. పరీక్షలుంటాయి, డిగ్రీ వస్తుంది. ఫెలోషిప్‌లో పరీక్ష లేదు, డిగ్రీ లేదు. పీహెచ్‌డీ చివర్లో ఉన్నవాళ్లని, లేదా అప్పుడే పూర్తిచేసినవాళ్లని తీసుకుంటారు. సుమారు ఒక విద్యాసంవత్సరం పాటు నెలనెలా స్టైపెండ్, కూర్చోడానికి చోటు, లైబ్రరీ. చేయాల్సిన పని ఒక్కటే. ఒక ప్రశ్న పట్టుకుని దాని అంతు చూడటం.

ఒక్క షరతు. మీరు రాసింది సెమినార్‌లో అందరి ముందూ పెట్టాలి. అక్కడ ఒక పక్క ఫిజిసిస్ట్, ఇంకో పక్క హిస్టరీ మనిషి, ఎదురుగా పాత సైనికాధికారి. కోడ్ రివ్యూ గుర్తొచ్చిందా? అచ్చంగా అదే. కాకపోతే ఇక్కడ రివ్యూ చేసేవాళ్లు మీ టీమ్ కాదు, మీతో ఒప్పుకోనివాళ్లు. ఆ గదిలో నిలబడిన రాతలకి ఒక వేదిక కావాలని 1976లో ఇంటర్నేషనల్ సెక్యూరిటీ అనే జర్నల్ కూడా మొదలుపెట్టారు. ఇప్పటికీ ఆ రంగంలో పెద్ద పేరున్న జర్నల్ అది.

ఏడాదికేడాది ఇలా బ్యాచ్‌లు వచ్చి వెళ్లాయి. బయటినుంచి చూస్తే ఏం జరిగినట్టు? ఏమీ జరగలేదు. కొన్ని పేపర్లు, కొన్ని పుస్తకాలు, బోలెడు వాదనలు. మా హెచ్ఆర్ చూస్తే వెంటనే మెయిల్ పెట్టేది.

ఒక్క ఏడాది అనుకుని వచ్చిన ఫిజిక్స్ కుర్రాడు

ఆష్టన్ కార్టర్. యేల్‌లో ఫిజిక్స్‌తో పాటు మధ్యయుగ చరిత్ర చదివాడు. విచిత్రమైన కాంబినేషన్, కానీ నిజం. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో థియరిటికల్ ఫిజిక్స్ డాక్టరేట్. మామూలుగా అయితే ప్రొఫెసర్ అయిపోవాలి. కానీ ఒక్క ఏడాది చూద్దామని వాషింగ్టన్‌లో ప్రభుత్వ విధానాల పనిలోకి వచ్చాడు, ఇక వెనక్కి వెళ్లలేదు.

1984లో అమెరికా పార్లమెంటు కోసం ఈయన ఒక రిపోర్టు రాశాడు. అప్పుడు అధ్యక్షుడు రేగన్ అంతరిక్షంలో లేజర్లు పెట్టి సోవియట్ క్షిపణుల్ని కూల్చేస్తామని చెప్తున్నాడు. జనం స్టార్ వార్స్ అని పిలిచిన ప్లాన్. కార్టర్ ఫిజిక్స్ లెక్కలేసి, పూర్తి రక్షణ అనేది దాదాపు జరగని పని, దాని మీద దేశ విధానం కట్టొద్దని తేల్చేశాడు. పెంటగాన్ మండిపడింది. అప్పుడతని వయసు 29. నాకంటే ఒక్క ఏడాది పెద్ద. నేను ఈ వయసులో రిపోర్టు రాయడం సంగతి అలా ఉంచండి, మేనేజర్ వేసిన డెడ్‌లైన్ తప్పని చెప్పడానికే రెండు రోజులు ప్రిపేర్ అయ్యేవాణ్ని.

అదే ఏడాది కార్టర్ హార్వర్డ్ చేరాడు. 1990కి డోటీ పెట్టిన ఆ సెంటర్‌కి డైరెక్టర్ అయ్యాడు. అక్కడ అణ్వాయుధాల కంట్రోల్ సిస్టమ్ మీద, అంటే బటన్ ఎవరు నొక్కుతారు, ఆర్డర్ ఎలా వెళ్తుంది, మధ్యలో లైన్ తెగితే ఏమవుతుంది అన్న విషయం మీద, ఆ సెంటర్ వాళ్లు అప్పటికే ఏళ్ల తరబడి పనిచేసి ఉన్నారు.

ఇప్పుడు మళ్లీ 1991 ఆగస్టుకి రండి. ఫోరోస్‌లో ఫోన్లు తెగిపోయాయి. ప్రపంచమంతా టీవీలో ట్యాంకుల్ని చూస్తోంది. ఈ సెంటర్ వాళ్లు బ్రీఫ్‌కేసుల గురించి ఆలోచిస్తున్నారు.

ఒక రిపోర్టు, ఒక గది, ఒక నెల

నవంబరుకల్లా రిపోర్టు రెడీ. పేరు సోవియట్ న్యూక్లియర్ ఫిషన్. ఫిషన్ అంటే పరమాణువు చీలడం, ఇక్కడ చీలుతున్నది దేశం. రాసింది నలుగురు: కర్ట్ క్యాంప్‌బెల్, కార్టర్, స్టీవెన్ మిల్లర్, చార్లెస్ జ్రాకెట్. వీళ్లు అప్పటికి స్టైపెండ్ మీద ఉన్న కుర్రాళ్లు కాదు, ఆ సెంటర్‌లో పనిచేస్తున్న పెద్దలే. కానీ ఆ రిపోర్టు అంత త్వరగా రావడానికి కారణం, అది ఆ మూడు నెలల పని కాకపోవడం. పద్దెనిమిదేళ్ల సెమినార్ల పని అది.

అప్పుడు అమెరికా రాజకీయాలు ఎలా ఉన్నాయి? సామ్ నన్ అనే సెనేటర్, డెమోక్రాట్. కుట్ర విఫలమైన వెంటనే మాస్కో వెళ్లి గోర్బచేవ్‌నే సూటిగా అడిగాడు, ఆ మూడు రోజులు బాంబుల మీద మీకు అదుపు ఉందా అని. వచ్చిన జవాబు ఆయనకి ధైర్యం ఇవ్వలేదు. తిరిగొచ్చి సోవియట్లకి సాయం కోసం వంద కోట్ల డాలర్ల ప్రతిపాదన పెడితే అది ఆదిలోనే వీగిపోయింది. నవంబరు మొదట్లో పెన్సిల్వేనియాలో జరిగిన ఉప ఎన్నిక చూసి నాయకులంతా భయపడ్డారు. మన జనానికే ఉద్యోగాల్లేవు, వైద్యం లేదు, శత్రువుకి డబ్బులా? ఓటర్ మూడ్ అది.

అప్పుడు కార్నెగీ కార్పొరేషన్ అధ్యక్షుడు డేవిడ్ హాంబర్గ్ ఒక పని చేశాడు. నవంబరు 19న నన్‌నీ, రిపబ్లికన్ సెనేటర్ రిచర్డ్ లూగర్‌నీ, కార్టర్‌తో పాటు మరికొందరు నిపుణుల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టాడు. కార్టర్ రిపోర్టులోని సంగతులు వివరించాడు. రెండు రోజుల తర్వాత బ్రేక్‌ఫాస్ట్‌కి మరికొందరు సెనేటర్లని పిలిచి మళ్లీ చెప్పించారు. ఇది సాయం కాదు, మన రక్షణే. వాళ్ల బాంబుని వాళ్ల గోడౌన్‌లోనే విప్పేయడం, అది ఎగిరొచ్చాక ఆపడం కంటే చవక. వాదన ఇంతే.

ఆ నెల చివర్లో సెనేట్‌లో ఓటింగ్. 86 అనుకూలం, 8 వ్యతిరేకం. డిసెంబరు 12న అధ్యక్షుడు బుష్ సంతకం. సోవియట్ అణ్వాయుధాల్ని విప్పేయడానికి, భద్రంగా దాచడానికి అమెరికా రక్షణ బడ్జెట్‌లోంచే 40 కోట్ల డాలర్లు. నన్-లూగర్ చట్టం అని పిలుస్తారు దాన్ని. రెండు వారాలు తిరక్కముందే సోవియట్ యూనియన్ లేదు.

చూశారా టైమింగ్? ఆ రిపోర్టు పని డిసెంబర్లో మొదలుపెట్టి ఉంటే ఎవరికీ పనికొచ్చేది కాదు.

డిజైన్ రాసినవాడికే టికెట్

సాఫ్ట్‌వేర్‌లో ఒక రూల్ ఉంది. డిజైన్ డాక్యుమెంట్ ఎవడు బాగా రాస్తాడో, పని కూడా వాడి నెత్తిమీదే పడుతుంది. 1993లో కార్టర్‌ని పెంటగాన్‌లో అసిస్టెంట్ సెక్రటరీగా తీసుకుని, ఈ ప్రోగ్రాంనే అప్పగించారు.

1994లో ఒక సంఘటన చెప్తాను. కజకిస్తాన్‌లో ఉస్త్-కామెనోగోర్స్క్ దగ్గర ఒక ఫ్యాక్టరీ. దాని గోడౌన్‌లో సుమారు 600 కిలోల బాంబు తరహా యురేనియం. ఇరవైకి పైగా బాంబులకి సరిపడా సరుకు. తలుపుకి ఉన్నది పాతకాలపు తాళం కప్ప. కజకిస్తాన్ ప్రభుత్వంతో మాట్లాడి, రహస్యంగా అమెరికా టీమ్ వెళ్లి, వారాల తరబడి ప్యాక్ చేసి, పెద్ద విమానాల్లో టెనెసీలోని ఓక్ రిడ్జ్‌కి చేర్చింది. ప్రాజెక్ట్ సఫైర్ అంటారు దీన్ని.

1996 జూన్ నాటికి యుక్రెయిన్ నుంచి చివరి వ్యూహాత్మక వార్‌హెడ్ రష్యాకి వెళ్లిపోయింది. అదే నెలలో యుక్రెయిన్‌లోని పెర్వోమైస్క్‌లో, క్షిపణి గొయ్యి ఉన్న చోట, మూడు దేశాల రక్షణ మంత్రులు కలిసి పొద్దుతిరుగుడు మొక్కలు నాటారు. మొత్తం ప్రోగ్రాం నడిచిన కాలంలో 7,600కు పైగా వార్‌హెడ్లని పనికిరాకుండా చేశారు. ఒక్క సోవియట్ బాంబు కూడా దొంగల చేతుల్లో పేలలేదు. జరగని ప్రమాదానికి ఎవరూ బ్రేకింగ్ న్యూస్ వేయరు. అందుకే ఈ కథ మనలో చాలామందికి తెలియదు.

"మరి యుక్రెయిన్ సంగతేంటి?"

ఈ కామెంట్ వస్తుందని నాకు తెలుసు. బాంబులు ఇచ్చేసింది, ఏమైంది? 2014లో క్రిమియా పోయింది, 2022లో రష్యా సైన్యం లోపలికొచ్చింది. 1994 డిసెంబరులో బుడాపెస్ట్‌లో రష్యా, అమెరికా, బ్రిటన్ కాగితం మీద ఇచ్చిన హామీలు ఏమయ్యాయి?

న్యాయమైన ప్రశ్న. దాటేయను. ఆ బాంబులు యుక్రెయిన్ నేల మీద ఉన్నా వాటిని పేల్చే అధికారం, కోడ్‌లు మాస్కో చేతిలో ఉన్నాయి. వాటిని సొంతం చేసుకోవాలంటే సమయం, డబ్బు కావాలి, ప్రపంచంతో గొడవ పడాలి. అయినా ఉంచుకోవాల్సింది అన్నవాళ్లు అప్పుడే ఉన్నారు. 1993లో ఫారిన్ అఫైర్స్ పత్రికలో జాన్ మియర్‌షైమర్ అనే ప్రొఫెసర్ యుక్రెయిన్‌కి సొంత అణ్వాయుధాలు ఉండాలని రాశాడు, లేకపోతే రష్యా నుంచి ముప్పు తప్పదన్నాడు. అదే సంచికలో, వద్దు అని రాసింది ఎవరో తెలుసా? మన రిపోర్టు రాసిన నలుగురిలో ఒకడు, స్టీవెన్ మిల్లర్.

ఇంకో విషయం. ఈ మియర్‌షైమర్ కూడా 1980ల మొదట్లో హార్వర్డ్‌లోనే ఇంకో సెంటర్‌లో పోస్ట్‌డాక్టరల్ ఫెలోగా కూర్చున్నవాడే. అంటే రెండు వాదనలూ ఒకే తరహా బెంచ్ మీంచి వచ్చాయి. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చింది ఇదే. మంచి ఫెలోషిప్ ఒకే అభిప్రాయాన్ని తయారు చేయదు. రెండు వైపులా గట్టి వాదనలు ముందే రెడీగా ఉంచుతుంది. తాళాలు భద్రం చేసే ప్రశ్నకి ఆ తరం మంచి జవాబే ఇచ్చింది. బాంబులు ఇచ్చేసినవాడికి రక్షణ ఎవరన్న ప్రశ్నకి ఇచ్చింది కాగితం. ఆ లెక్క యుక్రెయిన్ ప్రజలు ఇంకా కడుతున్నారు.

డబ్బులు ఎవరివి?

బెంచ్‌కి జీతం ఎవరిస్తున్నారో కూడా అడగాలి. ఇదే హార్వర్డ్‌లో 1951 నుంచి హెన్రీ కిసింజర్ ఒక ఇంటర్నేషనల్ సెమినార్ నడిపాడు. దేశదేశాల నుంచి ఎదుగుతున్న యువ నాయకుల్ని వేసవికి పిలిచేవాడు. తర్వాత జపాన్ ప్రధాని అయిన నకసోనే, టర్కీ ప్రధాని అయిన ఎజెవిత్ అందులో కూర్చున్నవాళ్లే. 1967లో బయటపడింది, దాని నిధుల్లో కొంత ముసుగు సంస్థల ద్వారా సీఐఏ ఇచ్చిన డబ్బు అని. కిసింజర్ తనకి తెలియదన్నాడు. వచ్చినవాళ్లలో చాలామందికి నిజంగానే తెలియదు. అక్కడ చర్చలు మంచివే అయ్యుండొచ్చు, కానీ ఎవరి ఖర్చు మీద మాట్లాడుతున్నామో తెలియకుండా మాట్లాడారు. డోటీ ప్రోగ్రాంకి డబ్బు ఎక్కడిదో అందరికీ తెలుసు, అంచేత ఎవరైనా వేలెత్తి ప్రశ్నించొచ్చు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది, కాదు.

ఇప్పుడు ఈ బెంచ్‌లు తగ్గుతున్నాయి. అమెరికాలో అణు విధానాల అధ్యయనానికి ఏళ్లుగా పెద్ద ఎత్తున డబ్బు ఇచ్చిన మాక్‌ఆర్థర్ ఫౌండేషన్ 2021లో ఆ రంగం నుంచి తప్పుకుంటున్నామని చెప్పింది. అమెరికా, రష్యాల మధ్య చివరగా మిగిలిన అణు ఒప్పందం న్యూ స్టార్ట్ గడువు 2026 ఫిబ్రవరి 5. ఒప్పందాలు పోతున్న టైమ్‌లోనే, వాటి గురించి ఆలోచించేవాళ్ల కుర్చీలు కూడా పోతున్నాయి.

బీటెక్ చేసిన మనకి ఇదంతా సివిల్స్ ప్రిపేర్ అయ్యేవాళ్ల సబ్జెక్ట్ అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించేది. కానీ లెక్క చూడండి. డోటీ బయోకెమిస్ట్. కార్టర్ ఫిజిసిస్ట్. ఆ కార్టరే 2015లో అమెరికా రక్షణ మంత్రి అయ్యాడు. ఆ గదులకి లెక్కలు వచ్చినవాళ్లు, సిస్టమ్ ఎక్కడ ఫెయిలవుతుందో వాసన పట్టేవాళ్లు ఎప్పుడూ కావాలి. ఏఐ, సైబర్ దాడులు వచ్చాక ఇంకా ఎక్కువ కావాలి.

నా రెండు నెలల బెంచ్‌లో నేను చేసింది ఏంటో చెప్పి ముగిస్తాను. భయంతో నాలుగు సర్టిఫికేషన్లు చేశాను. ఒక్కటీ గుర్తు లేదు. మధ్యలో విసుగొచ్చి, ఆఫీసు సిస్టమ్‌లోనే సోవియట్ యూనియన్ ఎలా కూలిపోయిందో చదవడం మొదలుపెట్టాను. ఈ వీడియో అక్కడి నుంచే వచ్చింది. అమ్మకి మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

మీ బెంచ్ టైమ్‌లో మీరు పట్టుకున్న ప్రశ్న ఏంటో కామెంట్లలో రాయండి. యుక్రెయిన్ విషయంలో నాతో ఒప్పుకోనివాళ్లు ఇంకా వివరంగా రాయండి, అన్నీ చదువుతాను. మళ్లీ కలుద్దాం.